స్లాబు వేసినట్టు తుపాకులు పేల్చాలి

ఆ మార్చిలో నన్ను పద్దెనిమిదో శతాబ్దపు కాల్బలం మీద వేశారు. పోస్టింగు సైన్స్ పార్కులో, మూడో అంతస్తు, ఏసీ గది. ముప్ఫైనాలుగేళ్లకే యుద్ధాల నుంచి రిటైరయ్యానంటే జనం నవ్వుతారు. ఇప్పుడు బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఇక్కడా ప్రాణాలు పోతాయి గానీ పొగ రాదు.

అప్పట్లో మా చిన్న కంపెనీ ఒక విదేశీ మ్యూజియం కోసం కంప్యూటర్ తెర మీద యుద్ధం తయారుచేస్తోంది. మస్కెట్ అంటే నాటి పొడుగు తుపాకీ. తూటా కాగితాన్ని పళ్లతో చింపి, మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరాలి. ఆరితేరినవాడికైనా నిమిషానికి రెండు మూడు దెబ్బలే. వంద గజాలు దాటితే తగలడం దైవాధీనం. అందుకే సైనికుల్ని మూడు వరుసల్లో ఒత్తుగా నిలబెట్టేవారు.

నేను అందరిచేతా ఒకేసారి పేల్పించాను. తెర అదిరిపోయింది. పొగ తొలగేసరికి మనవాళ్లందరూ కడ్డీలతో కుస్తీ పడుతున్నారు, శత్రువు బాయినెట్లతో మీద పడ్డాడు. మా లీడ్ లిమ్ పొదుపుగా మాట్లాడే మనిషి. ప్రతి సాయంత్రం నా వెనక నిలబడి, "ఎగైన్ డై, ఆ?" అనేవాడు.

శుక్రవారం డెమో. అది పోతే కాంట్రాక్టు పోతుంది, కాంట్రాక్టుతో పాటు నన్ను ఈ పరాయి దేశంలో ఉండనిచ్చే వర్క్ పాసు. సైనికులు చచ్చినా మళ్లీ లేస్తారు. నాకా సౌకర్యం లేదు.

ఆదివారం మనవాళ్ల హోటళ్లుండే లిటిల్ ఇండియాలో, టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసిన, అంటే ముందే ఆపిపెట్టుకున్న బల్ల దగ్గర అప్పలనాయుడు అంకుల్ కూర్చున్నారు. శ్రీకాకుళం మనిషి, కట్టడాల దగ్గర కాంక్రీటు సూపర్‌వైజరు, వారం వారం నా భోజన సహవాసి. ఫోన్లో యుద్ధం చూపించాను.

"అందరూ ఒక్కపాలే కాల్చీసినారు. మరిప్పుడేటి సేస్తారు బాబూ?"

"చస్తారు అంకుల్."

"మరి సావరా? స్లాబేసిన్నాడు లారీలన్నీ ఒక్కపాలే కుమ్మరించీస్తామేటి? ఒకటి పోస్తంటే ఒకటి గేటుకాడుండాల, ఇంకోటి దారిలో ఉండాల. మద్దిలో ఆగినావంటే జాయింటు పడిపోద్ది. అక్కడ్నుంచే నీళ్లు కారతాయి." ఇంత చెప్పి సాంబారు వైపు తిరిగారు.

సోమవారం బెటాలియన్ను ప్లటూన్లనే చిన్న జట్లుగా కోసి, వాటిని మూడు వంతులు చేశాను. ఒక్కో వంతు జట్లు ఒకేచోట ఉండవు, వరుస పొడవునా చెదిరి ఉంటాయి. ఒక వంతు కాలుస్తుంటే ఒకటి కూరుతుంది, మూడోది ఎక్కుపెట్టి ఆగుతుంది. వరుసలో ఎక్కడా ఖాళీ పడదు. గొప్ప ఆవిష్కరణ చేశానని పొంగిపోతూ, మ్యూజియం పంపిన పాత డ్రిల్లు పుస్తకం తెరిచాను. మొత్తం అందులోనే ఉంది, బొమ్మతో సహా. అంతకుముందు ఆ బొమ్మలో నేను చూసింది కోటు గుండీలు. గుండీలు మాత్రం మొదట్నుంచీ అచ్చుగుద్దినట్టు వచ్చాయి.

శుక్రవారం శత్రువు సగం దూరం వచ్చి వెనుదిరిగాడు. మ్యూజియం తరఫున వచ్చిన రిటైర్డు మేజరు, ఈ క్రమం ఎవరు చెప్పారని అడిగాడు. స్లాబులు వేసే ఆయన అన్నాను. మేజరు నోటుబుక్కులో రాసుకున్నాడు. లిమ్ కళ్లు మూసుకున్నాడు.

కాంట్రాక్టు వచ్చింది, పాసు రెన్యువలయింది. తెర చివర పేర్లలో అంకుల్ పేరు సైనిక సలహాదారుగా వేయించాను. చూసి ఆయన, "నానెప్పుడు తుపాకీ పట్టినానురా బాబూ, ఊళ్లో పోలీసులు సూస్తే?" అని కంగారు పడ్డారు. ఆ ఆదివారం ఇద్దరి భోజనాలకూ నేనే డబ్బులు కట్టాను. నాకు దక్కిన ఉద్యోగంతో పోలిస్తే ఆయనకది నష్టమే.

ఆ పని నేర్పింది ఇది: దెబ్బ ఎంత గట్టిగా కొట్టావన్నది తర్వాత, కొట్టాక చేతిలో ఏముందో ముందు చూసుకోవాలి. అందరూ కలిసి ఒకేసారి భోజనానికి వెళ్లే టీమును నేను ఇప్పటికీ నమ్మను.