రేవు దగ్గర ఆగిన ఆట

నా కాలు విరిగిన ఎండాకాలంలో మా ఆయన ఒక గేమ్ బాక్స్ తెచ్చి టీవీకి తగిలించాడు.

నేను శిరివెళ్ల దగ్గర ఒక బడిలో సోషల్ చెబుతాను. నంద్యాల నుంచి స్కూటీ మీద పోయి వస్తుంటాను. పరీక్షలు ముగుస్తున్న రోజుల్లో ఒక ఉదయం, ట్రాక్టరు మీద నుంచి రాలిన వరిగడ్డి రోడ్డంతా పరుచుకుని ఉంటే దాని మీద బండి జారింది. ఎడమ కాలికి ప్లేటు వేశారు. మంచం మీద నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి, ఇదే బతుకైంది. ఆదివారం ఆరాధనకు కూడా పోలేకపోయేదాన్ని. పాస్టరుగారే ఇంటికి వచ్చి ప్రార్థన చేసి వెళ్లేవారు.

మా ఆయనది విత్తనాల గోదాములో ఉద్యోగం. సీజను ముందు కాబట్టి పొద్దున పోతే సాయంత్రానికి గాని వచ్చేవాడు కాదు.

"సీరియళ్లు చూసి చూసి నీకు బుర్ర చెడిపోతాది మే," అన్నాడు వైర్లు గుచ్చుతూ. "సెల్లు షాపులో సెకండ్‌హ్యాండుది దొరికింది. ఎవరో ఆళ్లగడ్డాయప్ప అమ్ముకున్న్యాడంట. ఆడుకో."

"నేనా? ఈ వయసులోనా?"

"నిన్నెవరు చూస్తాండారు? కాలు బాగయ్యేదాకే గదా."

అందులో ఒకే ఒక్క ఆట ఉంది. మనం ఒక మనిషి వేషం వేసుకుని, ఊళ్లు తిరుగుతూ, ఎదురైనవాళ్ల పనులు చేసిపెడుతూ కథ నడిపించాలి. ఇలాంటివాటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారని నాకు తర్వాత తెలిసింది. మొదటి రోజు రిమోటు ఎలా పట్టుకోవాలో కూడా తెలియక, తెర మీద 'కంటిన్యూ' అని కనబడితే దాన్నే నొక్కాను.

వాన పడుతోంది. బయట నంద్యాల రోడ్ల మీద తారు కరుగుతుంటే, నా గదిలో వాన చప్పుడు. ఒక నది, ఒక రేవు, కట్టేసిన పడవ. నేను ఒక మగమనిషిని. వెడల్పాటి భుజాలు, చిన్న మీసం, ఎడమ కనుబొమను చీలుస్తూ ఒక గాటు. నా ఎదురుగా తడిసిన గొంగడి కప్పుకున్న ముసలి పడవవాడు నిలబడి ఉన్నాడు. దగ్గరికి జరగ్గానే అడిగాడు. మాటలు ఇంగ్లీషులో కింద పడ్డాయి.

"వచ్చావా? నా కొడుకు కనిపించాడా?"

దాని కింద మూడు జవాబులు. ఏది నొక్కాలో తెలియక, ఏదీ నొక్కకుండా పక్కకు నడిచి ఊళ్లోకి పోయాను.

ఊళ్లో అందరికీ నేను తెలుసు. కమ్మరి పని ఆపి, "ఇన్నాళ్లు ఎక్కడికి పోయావు?" అన్నాడు. ఒక చిన్నపిల్ల పరుగెత్తుకొచ్చి, నేనే ఇచ్చానంటూ ఒక బొమ్మ చూపించింది. ఒక ఆడమనిషి తలుపు సందులోంచి, "నువ్వు మళ్లీ వస్తావనుకోలేదు," అంది. ఎవరో చేసిన మేళ్లకు నాకు దండాలు పెడుతున్నారు. ఎవరో ఇచ్చిన మాటలు నన్నడుగుతున్నారు. ఇల్లు ఖాళీ అయ్యాక కొత్తగా అద్దెకు దిగినవాళ్లను, పాతవాళ్ల చుట్టాలు వచ్చి ఆ పాత పేర్లతోనే పిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండింది నాకు.

ఆటను సేవ్ చేసుకోవాలని నాకు తెలియదు. అందుకని ఎప్పుడు పెట్టినా మళ్లీ అదే రేవు, అదే వాన. "వచ్చావా? నా కొడుకు కనిపించాడా?" రోజూ ఆయన మొదటిసారి అడిగినట్టే అడిగేవాడు.

ఒక మధ్యాహ్నం ఏదో మీట తగిలి నా మనిషి సంచీ తెరుచుకుంది. కత్తులు, రొట్టెలు, మూలికలు. అన్నిటికన్నా అడుగున ఒక వెండి కడియం. దాని మీదకు పోతే రెండు వాక్యాలు కనబడ్డాయి. పడవవాడి కొడుకు కడియం. గుహలో శవం చేతి నుంచి తీసినది.

ఆ రెండు వాక్యాలు మళ్లీ చదివి రిమోటు ఒళ్లో పెట్టుకున్నాను. నాకు ముందు ఆడిన మనిషి ఆ కొడుకును వెతికి పట్టుకున్నాడు. కబురు మోసుకుని ఇంతదూరం వచ్చాడు. తండ్రి ముందు నిలబడ్డాడు. అక్కడ ఆట ఆపేసి, బాక్సు అమ్మేసుకున్నాడు.

ఆ తర్వాత ఆ పడవవాడు నన్ను వదల్లేదు. టీవీ కట్టేసినా ఇంట్లోనే ఉన్నట్టుండేది. కూలర్‌లో నీళ్లు కారే చప్పుడు వింటే వాన అనుకునేదాన్ని. మా ఆయన తలుపు తోసుకుని లోపలికొచ్చి "వచ్చినా," అంటే, ఒక్క క్షణం ఆ కొడుకే వచ్చాడేమో అనిపించేది.

"అంత బాధైతే పాతది తుడిచేసి కొత్తగా మొదలుపెట్టు," అన్నాడు మా ఆయన. "ఆటే గదా."

తుడిచేసే మీట దాకా పోయాను. 'ఖాయమేనా?' అని అడిగింది. వెనక్కి వచ్చేశాను.

షాపతనికి ఫోన్ చేసి, ఆ బాక్సు అమ్మిన మనిషి నంబరు అడిగాను. అతను నవ్వాడు. "ఇవి ఎవరూ ముగించరు మేడమ్. నా దగ్గరికొచ్చే ప్రతి బాక్సులో ఎవరో ఒకరు యాడనో ఒకచోట నిలబడుకోనుంటారు." ఆళ్లగడ్డ మనిషిని ముందుగా అడిగి, ఒప్పుకున్నాక నంబరు ఇచ్చాడు.

నేను ఫోన్ చేసినప్పుడు అటువైపు రాయి కోసే మిషను గోల. అది ఆగింది.

"బాక్సు పనిచేయడంల్యాదా అక్కా?" కుర్రతనం పోని గొంతు.

"పనిచేస్తాందప్పా. ఆ పడవాయప్ప దగ్గర ఆపేసినావు గదా, ఎందుకని అడుగుదామని."

"తుడిచేయండక్కా దాన్ని," అని పెట్టేశాడు.

వారం పోయాక తనే చేశాడు. "తుడిచినారా?"

"లేదప్పా. చెయ్యి రాల్యా."

"ఆళ్లగడ్డకు వస్తే ఒకసారి మా ఇంటికి రాండి," అన్నాడు.

కర్ర పట్టుకుని నడవగలిగాక, మా ఆయనను వెంటబెట్టుకుని బస్సెక్కాను. వాళ్లది విగ్రహాలు చెక్కే ఇల్లు. రోడ్డు పక్కనే రేకుల షెడ్డు, దాని వెనక రెండు గదులు. చెట్ల ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద, ఆ అబ్బాయి కనురెప్పల మీద కూడా తెల్లటి రాతి పొడి. అబ్బాయి అంటున్నాను గాని ముప్పై ఉంటాయి. షెడ్డులో నులక మంచం మీద వాళ్ల నాయన కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి తలాడించాడు. అబ్బాయి మమ్మల్ని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేశాడు.

గోడకు ఒక మేకు ఉంది. దాని కింద పటం ఆకారంలో సున్నం రంగు వేరుగా ఉంది.

అతను సెల్లు తీసి ఒక ఫొటో చూపించాడు. వెడల్పాటి భుజాలు, చిన్న మీసం, ఎడమ కనుబొమను చీలుస్తూ గాటు. ఇన్ని వారాలుగా నేను ఆ ముఖంతో వానలో తిరుగుతున్నాను.

"మా అన్న," అన్నాడు. "కొలిమిగుండ్ల దిక్కు రాయి తెచ్చేకి పోయినాడు. లారీకి ఎక్కిస్తాంటే రాయి జారింది."

మా ఆయన చిన్నగా "అయ్యో" అన్నాడు.

"నాయనకు మతిమరుపక్కా. అన్న పోయినాడని చెప్తే, అప్పుడే విన్నట్ల ఏడుస్తాడు. మల్ల మర్సిపోతాడు. మల్ల అడుగుతాడు. ఎన్నిసార్లు చెప్పల్ల? పటం తీసి బీరువాలో పెట్టినా. యాడికో పనికి పోయినాడని చెప్తాండా." అతను సెల్లు ఆపాడు. "ఆ ఆటలో మనిషి మొకం మనమే చేసుకోవచ్చు. నా చెయ్యి ఊరికే ఉంటాదా? ముక్కు, దవడ, నుదురు చేసుకుంటా పోతే అన్న వచ్చినాడు. నాయన చూసి, 'పెద్దోడు యాడ తిరుగుతాండాడ్రా' అన్న్యాడు. 'ఊర్లు తిరుగుతాండాడు నాయనా, పనిమీద' అన్నా. ఆ పొద్దు కడుపునిండా తిన్న్యాడు."

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఇద్దరూ కూర్చునేవారట. ఇంగ్లీషులో పడే మాటలను ఇతను చదివి, వాళ్ల నాయనకు తమ మాటల్లో చెప్పేవాడట. కమ్మరి, చిన్నపిల్ల, తలుపు వెనక ఆడమనిషి, అందరూ ఆ పెద్దాయనకు ఆళ్లగడ్డ మనుషుల్లాగే మాట్లాడారు.

"పడవాయప్ప కొడుకు సచ్చిపోయింటాడని నాకేం తెల్సక్కా? గుహలో దొరికినాడు. నాయన ఆ పొద్దు చూడల్యా. మరుసటి రోజు పక్కన కూర్చోని, 'ఆయప్ప అడుగుతాండాడు గదా, ఏదోటి చెప్పురా' అన్న్యాడు. అన్న మొకం పెట్టుకోని, ఒక తండ్రికి, నీ కొడుకు పోయినాడని... నా చేత్తో నేనెట్ల నొక్కల్ల?"

ఆ పూటకు కరెంటు పోయిందని అబద్ధం చెప్పి ఆపేశాడట. ఆ వారంలోనే బాక్సు తెచ్చి నంద్యాలలో అమ్మేశాడు.

మేం టీ తాగి బయటికి వచ్చాం. పెద్దాయన నన్ను దగ్గరికి రమ్మని చెయ్యూపాడు. మంచం పట్టె మీద కూర్చున్నాను.

"మీ ఇంట్లో ఉండాదంట గదమ్మా ఆ పెట్టె. మా పెద్దోడు బాగుండాడా?"

కొడుకు నా వైపు చూశాడు. "బాగుండాడు పెద్దనాయనా," అన్నాను.

"యాడుండాడు?"

"నది కాడ. వాన పడుతాంది."

"పడవాయప్పకు చెప్పినాడా?"

"ఏం చెప్పల్ల పెద్దనాయనా?"

"కొడుకు సంగతి." ఆయన చెయ్యి మంచం నులకను సరిచేస్తూ ఉంది. "ఆయప్పకు తెల్సులేమ్మా. ఎవరన్నా నోటితో చెప్తే ఇంటికి పోతాడు. లేకపోతే ఆడనే నిలబడుకోనుంటాడు."

కొడుకు ఉలి మీద చెయ్యేసి, తీయకుండా అలాగే ఉండిపోయాడు. పెద్దాయన నన్ను చూసి మామూలుగా అడిగాడు, "మా పెద్దోడు అన్నం తిన్న్యాడా?"

తిన్నాడనే చెప్పాను.

వానలు మొదలై, నేను బడికి మళ్లీ పోతున్న రోజుల్లో ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. వాళ్ల అన్న ఏడాది దినం చేశారట. బీరువాలోని పటం తీసి గోడకు తగిలించాడట. "నాయన బాగా ఏడ్చినాడక్కా. పొద్దున్నే మల్ల అన్న యాడని అడిగినాడు. 'పోయినాడు నాయనా' అన్నా. 'ఔ, పోయినాడు గదా' అన్న్యాడు. ఒగ రోజు ఏడుస్తాడు, ఒగ రోజు గమ్మునుంటాడు. నేను మాత్రం ఇంక అబద్ధం చెప్పల్యాదు." తర్వాత అడిగాడు. "మీరు చెప్పినారా, పడవాయప్పకు?"

"లేదప్పా."

"చెప్పండక్కా. నాయన అడుగుతాండాడు."

ఆ శనివారం మధ్యాహ్నం టీవీ ముందు కూర్చున్నాను. రేవు, వాన, పడవవాడు. "వచ్చావా? నా కొడుకు కనిపించాడా?" మూడు జవాబుల్లో నిజం చెప్పే మొదటిదాన్ని నొక్కాను. కనుబొమ మీద గాటున్న ఆ మనిషి కడియం చేతిలోకి తీసుకుని చాచాడు. నేను పెద్దగానే చదివాను. ఆ ఇంట్లో ఆ అబ్బాయి ఎలా చదివి ఉండేవాడో అలా.

"నీ కొడుకు పోయినాడప్పా. గుహలో దొరికినాడు. ఇదో, ఇది నీదే."

పడవవాడు కడియం తీసుకున్నాడు. ఏడవలేదు. తెర కింద ఒక్క మాట పడింది.

"ఎక్కు. నీ కాడ బాడిగ దుడ్లు వద్దు," అని చదివాను.

"ఎవరితో మాట్లాడతాండావ్ మే?" మా ఆయన వంటింట్లోంచి వచ్చి నిలబడ్డాడు. తెర చూసి, నా పక్కన కూర్చున్నాడు.

పడవ నది దాటింది. అవతలి ఒడ్డున నన్ను దింపి, ఆయన పడవను వెనక్కి తిప్పాడు. ఇంటికి పోతాడేమోనని చూస్తూ నిలబడ్డాను. పోయి, పాత రేవులో, పాత చోటే, అదే వానలో నిలబడ్డాడు. సేవ్ ఎలా చేయాలో కనుక్కుని, మరుసటి రోజు దూరంగా ఉన్న వంతెన మీదుగా చుట్టు తిరిగి దగ్గరికి పోయి చూశాను. ఇప్పుడాయన ఏమీ అడగడు. పలకరించడానికి మీట కూడా రాదు. ఆట రాసినవాళ్లు ఆయనకు ఇల్లు రాయలేదు కాబోలు.

ఆ ఆటలో అవతలి ఒడ్డు నుంచి ఇంకా చాలా కథ ఉందట. కాలిపోతున్న ఒక పట్నం, దాన్ని కాపాడాల్సిన పని. నేను పోలేదు. సేవ్ చేసి ఆపేశాను. బాక్సును మళ్లీ అమ్మడానికి మాత్రం మా ఇద్దరికీ మనసొప్పలేదు.

ఆళ్లగడ్డకు ఫోన్ చేసి, చెప్పానని చెప్పాను.

"ఏమన్న్యాడక్కా?"

"దుడ్లు వద్దన్న్యాడు. నది దాటించినాడు."

"ఇంటికి పోయినాడా?"

ఫోన్‌లో వెనక నుంచి పెద్దాయన గొంతు వినబడుతోంది. ఎవరు, నంద్యాలాయమ్మేనా, అని అడుగుతున్నాడు.

"పోయినాడని చెప్పప్పా నాయనకు," అన్నాను.