చెప్పుల దగ్గర ఎలిశిబక్క

మా చర్చిలో ఎలిశిబక్క ఉన్నంతసేపు దేవుడు కూడా సర్దుకుని కూర్చోవాల్సిందే.

మెదక్‌లో మాది చిన్న చర్చి. ఊడ్చేది, చాపలు పరిచేది, బల్ల మీది తెల్లగుడ్డ ఇస్త్రీ చేసేది ఆమే. జీతం లేదు, పెత్తనం మాత్రం బోలెడు. ప్రార్థనలో ఎవరికైనా తల మీది కొంగు జారితే వెనక నుంచి గిల్లుతుంది. ఒకసారి నా ఫోన్ మోగినందుకు మూడు వారాలు నాతో మాట్లాడలేదు. చేతిలో ఎప్పుడూ ఒక పాతగుడ్డ. కూర్చున్నా ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటుంది. చూసేవాళ్లకే ఊపిరాడదు.

ఇంత భక్తి ఉన్న మనిషి నెల మొదటి ఆదివారం, ప్రభు భోజనమని రొట్టె, ద్రాక్షరసం పంచే వేళకు మాత్రం బయటికి పోతుంది. అడిగితే, "కుక్కలు చెప్పులెత్కపోతున్నయి" అంటుంది. పదకొండేళ్లుగా అదే మాట. మేమూ నమ్మాం.

కొత్తగా వచ్చిన పాస్టర్ అయ్యగారు జాలిపడి, చెప్పుల కాపలాకు ఐలయ్య అనే అతన్ని పెట్టారు. "ఈ ఆదివారం నుంచి మీరు లోపలనే కూసోండ్రి, అమ్మా" అన్నారు. ఎలిశిబక్క గుడ్డ తీసి పక్కనున్న కిటికీ తుడవడం మొదలుపెట్టింది. ఆ వారమంతా చర్చి నేలను రోజుకు మూడుసార్లు కడిగింది. శనివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను రొట్టె ముట్టొద్దు బిడ్డా. చెల్లెతోని పంచాయితి ఉన్నది. సమాధానపడకుంట ఎట్ల తింట?"

చెల్లెలు లిల్లీ పాపన్నపేటలో మల్లేశ్ అనే హిందువును పెళ్లి చేసుకుంది. పదకొండేళ్ల కింద తల్లి చనిపోయిన రోజు నుదుట కుంకుమతోనే పరుగెత్తుకొచ్చింది. "బొట్టు తుడుసుకోని అమ్మను ముట్టు" అంది ఎలిశిబక్క, అందరి ముందు. భర్త బతికుండగా, అదీ శవం ముందర, ఆ మాట ఏ ఆడదానికైనా ఎలా తగులుతుందో నేను చెప్పాలా? లిల్లీ తల్లిని ముట్టకుండానే వెళ్లిపోయింది.

"దేవునికి మర్యాద చేస్తున్న అనుకున్న. షుగరున్నది నాకు. గా రొట్టె తినకుంటనే పోతనేమో" అంది ఎలిశిబక్క.

నాకు ఆమె మీద కోపమూ వచ్చింది, జాలీ కలిగింది. "పోదాం పా అక్కా" అన్నాను.

షేర్ ఆటోలో ఆమె కుదురుగా కూర్చుంటే ఒట్టు. సీటు తుడిచింది, కడ్డీ తుడిచింది. లిల్లీ మమ్మల్ని చూసి గడపలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

"తప్పు నాదే చెల్లె" అంది ఎలిశిబక్క.

"అమ్మను ముట్టనియ్యలే నువ్వు."

"ఇప్పుడు పా. సమాధి కాడికి పోదాం."

లిల్లీ చేయి నుదుటి మీదికి పోయింది. "గీ బొట్టుతోనేనా?"

"గట్లనే రా."

ముగ్గురం మెదక్ వచ్చాం. ఈస్టర్‌కు వేసిన సున్నంతో సమాధి ఇంకా తెల్లగానే ఉంది. లిల్లీ సిలువకు నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. లేచేసరికి తెల్లటి సిలువ మీద ఎర్రగా కుంకుమ అంటుకుంది.

ఎలిశిబక్క చేయి గుడ్డతో సహా పైకి లేచింది. సిలువను తుడిచేస్తుందనుకున్నాను. లిల్లీ కూడా ఆ చేతినే చూస్తోంది.

ఆ గుడ్డతో ఆమె చెల్లెలి కళ్లు తుడిచింది, నుదుట మిగిలిన బొట్టు చెరగకుండా. సిలువ జోలికి పోలేదు.

మర్నాడు ఎలిశిబక్క రెండు చేతులూ చాచి రొట్టె అందుకుంది. తల మీది కొంగు జారి భుజం మీద పడింది. వెనకే ఉన్నాను, గిల్లలేదు.