కలియోపి ఆంటీ రొట్టె అచ్చు

పద్నాలుగేళ్లుగా ఒక చెక్కముక్కని మోస్తున్నాను. మోయడమంటే చేత్తో కాదు. అది మా వంటింట్లో కింది సొరుగులో, జంతికల గొట్టం పక్కన, తెల్లటి చేతిరుమాల్లో చుట్టి ఉంది. అరచేతిలో ఇమిడిపోతుంది. ఈ పద్నాలుగేళ్లలో రెండిళ్లు మారాం, మూడు కార్లు మార్చాం. అది మాత్రం నాతోనే వస్తోంది. మా ఆయనకి దాని సంగతి తెలియదు. తెలియదనే అనుకుంటున్నాను. ఆయన ఆ సొరుగు మీద చెయ్యి వేస్తే చాలు, ఏం కావాలో చెప్పండి, నేను తీసిస్తాను అంటూ పరిగెత్తుకెళ్తాను. అలా పరిగెత్తడం చూసి ఆయనకి ఏదో అనుమానం వచ్చే ఉంటుంది. వచ్చిందా? అడగలేను కదా.

నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. నేను మొదటినుంచీ అనుమానం మనిషిని. పక్కింటావిడ పలకరిస్తే ఏం కావలసి పలకరించిందో అని ఆలోచిస్తాను. ఈ గుణం వల్ల నాకు నష్టం జరిగిందని చాలాసార్లు అనుకున్నాను. ఇంకొకరికి ఏం జరిగిందో చెప్పడం ఇదే మొదటిసారి.

అప్పట్లో ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్లం. కొత్తగా పెళ్లయింది. నాది హెచ్-ఫోర్ వీసా, ఉద్యోగం చేయకూడదు. మా ఆయన ఆఫీస్‌కి వెళ్లిపోతే సాయంత్రం దాకా గోడలు చూస్తూ కూర్చోవడమే. కింది అపార్ట్‌మెంట్ ముందు కుండీల్లో తులసిలాంటి మొక్కలు కనిపించేవి. పూజకి నాలుగు ఆకులు అడుగుదామని ఒకరోజు తలుపు కొట్టాను. డెబ్బై అయిదేళ్ల ఆవిడ, నల్ల గౌను, తలుపు గొలుసు తియ్యకుండానే సందులోంచి నన్ను ఎగాదిగా చూసి, ఎందుకని అడిగింది. దేవుడికి అన్నాను. అప్పుడు గొలుసు తీసింది. వాళ్లూ ఆ ఆకులు చర్చికి పట్టుకెళ్తారట. ఆవిడే కలియోపి ఆంటీ.

ఆవిడది గ్రీస్ దేశంలో ఒక కొండ మీది ఊరు. నలభై గడపలు. ఇళ్లకి పైకప్పులు కూడా రాతి పలకలే. మగవాళ్లంతా రాతి పనివాళ్లు. వసంతంలో గుంపులుగా బయల్దేరి, ఊరూరా ఇళ్లు కట్టి, మంచు పడకముందు తిరిగొచ్చేవాళ్లు. ఇల్లు కట్టించుకునే ఆసామికి అర్థం కాకుండా మాట్లాడుకోడానికి వాళ్లకి ఒక దొంగ భాష ఉండేది. ఆవిడ ఆ మాటలు చెప్పి పడీపడీ నవ్వేది. ఇప్పుడా ఊళ్లో చలికాలం ఉండేది ఏడుగురే. మిగతావాళ్ల పిల్లలూ మనవలూ అమెరికాలో ఉన్నారు, వాళ్లకి ఊరి సంగతి ఇంగ్లీషులో పుస్తకంగా రాయాలని ఆంటీ పట్టుదల. ఆవిడ చెప్పేది, నేను టైప్ చేసేదాన్ని. ఆ రెండేళ్లూ నాకు ఒక పని ఉంది, ఒక మనిషి ఉంది. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఇక ఆ అచ్చు గురించి చెప్పాలి. ఆ ఊళ్లో ఆడవాళ్లు చర్చికి ఇచ్చే రొట్టెని కాల్చేముందు పిండి మీద చెక్క అచ్చు అద్దుతారు. మధ్యలో సిలువ, చుట్టూ అక్షరాలు. ఆంటీ వాళ్ల నాన్న అక్రోటు చెక్కతో స్వయంగా చెక్కిన అచ్చు వాళ్లింట్లో ఉండేది. ఒక వారం పక్కింటివాళ్లు అరువు తీసుకున్నారు. అచ్చు తిరిగివ్వకముందే ఆంటీ అన్నయ్యని సైనికులు పట్టుకుపోయారు. అవి ఆ దేశంలో అన్నదమ్ములే రెండు పక్షాలై కొట్టుకున్న రోజులు. అన్నయ్య కొండల్లో దాక్కున్నవాళ్లకి రొట్టెలు మోస్తున్నాడని ఎవరో చెప్పారు. ఎవరు? పన్నెండేళ్ల కలియోపి ఆ ఉదయం పక్కింటాయన నీళ్ల ధార దగ్గర సైనికులతో మాట్లాడుతుంటే చూసింది. అంతే చూసింది. అన్నయ్య తిరిగిరాలేదు. అచ్చు వాళ్లివ్వలేదు, వీళ్లడగలేదు.

ఆ పక్కింటాయన కూతురు దెస్పినా. చిన్నప్పుడు ఇద్దరూ ఒక కంచంలో తిన్నవాళ్లు. విచిత్రం చూడండి, పెళ్లిళ్లయి ఇద్దరూ న్యూజెర్సీకే వచ్చిపడ్డారు. ఒకే చర్చికి వెళ్లేవాళ్లు. ఈ వరసలో ఈవిడ, ఆ వరసలో ఆవిడ. అరవై ఏళ్లకి పైగా మాటల్లేవు.

ఆ ఊరికి ఒక పద్ధతి ఉంది. ఈస్టర్‌కి చేసే పెద్ద ఉపవాసాలకి ముందు ఆదివారం, తగాదా ఉన్నవాళ్లు ఒకరినొకరు క్షమించమని అడగాలి. గడప తొక్కలేనంత తగాదా అయితే, అరువు తెచ్చుకున్న వస్తువు ఏదన్నా ఉంటే మూడో మనిషి చేత పంపుతారు. అచ్చు పంపితే, అవతలివాళ్లు ఆ ఆదివారం దానితో రొట్టె చేసి చర్చికి తేవాలి. తెచ్చారంటే తగాదా తీరిపోయినట్టు. తేలేదంటే తీరనట్టు. ఆ తర్వాత ఇక ఎవరూ ఏమీ అడగకూడదు. ఇదంతా నా చేతులతో నేనే టైప్ చేశాను. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

జనవరిలో దెస్పినా గారు లైబ్రరీకి వచ్చారు. నేను అక్కడ కూర్చుని పుస్తకం టైప్ చేస్తానని ఎవరో చెప్పారట. ఇస్త్రీ చేసిన రుమాల్లో చుట్టిన ఆ అచ్చు నా ముందు పెట్టి, కలియోపికి ఇవ్వమన్నారు. మా నాన్న ఆ రోజు సైనికులతో మాట్లాడిన మాట నిజం, ఏం మాట్లాడాడో చచ్చేదాకా చెప్పలేదు, నాకూ తెలియదు అన్నారు. కన్నీళ్లేమీ పెట్టుకోలేదు. అదీ నాకు అనుమానంగానే తోచింది. ఇన్నేళ్లు లేనిది ఇప్పుడే ఎందుకు? పుస్తకం వస్తోందని తెలిసి, వాళ్ల నాన్న సంగతి తీయించెయ్యడానికి ఇదొక ఎత్తు కాదూ? మా ఆయనతో ఆవిడ వచ్చిందన్నంత వరకూ చెబితే, "వాళ్ల మధ్య మ్యాటర్‌లో నువ్వెందుకు ఇన్వాల్వ్ అవుతావు? లైట్ తీస్కో" అన్నారు. అచ్చు సంగతి ఆయనకీ చెప్పలేదు. రేపిద్దాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

పైన రాసింది చదువుకుంటే, ఏదో పుస్తకంలో నిజం కాపాడడానికి దాచినట్టు ఉంది. అది అబద్ధం. ఇక్కడిదాకా వచ్చి మళ్లీ దాచడమెందుకు?

అసలు సంగతి ఇది. ఆంటీ చెప్పింది, ఆయన సైనికులతో మాట్లాడుతున్నాడని. నేను రాసింది, ఆయన వాళ్లకి అన్నయ్య ఉన్న కొట్టం వైపు వేలు చూపించాడని. ఆ వేలు నాది. అధ్యాయం బాగా రక్తి కట్టాలని పెట్టాను. చదివి వినిపించినప్పుడు ఆంటీ ఆగమని, అలా చెప్పానా అని అడిగింది. మీ ఉద్దేశం అదే కదా ఆంటీ అన్నాను. ఆవిడ కిటికీలోంచి కుండీల వైపు చూస్తూ ఉండిపోయింది. వద్దనలేదు. పన్నెండేళ్ల వయసులో చూసింది, డెబ్బై అయిదులో చేతిలో కంప్యూటర్ ఉన్న మనిషి ఇంత గట్టిగా చెబితే కాదనడానికి ఆవిడకి ఏం ఆధారం ఉంది? ఆంటీ, దెస్పినా గారూ ఎదురెదురుగా కూర్చుంటే మొదట బయటపడేది నా వేలే. పుస్తకం పని పోతుంది, ఆంటీ పోతుంది, మళ్లీ నేనూ నా గోడలూ. అందుకని దాచాను. దెస్పినా గారి మీద అనుమానం నిజమే. కానీ అది నాకు బాగా అక్కరకొచ్చింది.

ఉపవాసాల ముందు ఆదివారం ఆంటీని చర్చికి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. పొద్దున్న పిండి మీద కొట్లో కొన్న ప్లాస్టిక్ అచ్చు అద్దుతూ, గీతలు సరిగ్గా పడవు, మా నాన్న చెక్కింది ఉంటే ఎంత బాగుండేదో అని సణుక్కుంది. నేను వింటూ నిలబడ్డాను. అచ్చు పైన మా ఇంట్లోనే ఉంది. మెట్లెక్కి తేవడానికి రెండు నిమిషాలు పట్టదు. కారు తాళాలు తీసుకున్నాను. చర్చిలో రొట్టెలు పెట్టిన బల్ల దగ్గరికి దెస్పినా గారు లేచి వచ్చారు. ఆంటీ రొట్టె మీదికి వంగి చూశారు. వెనక్కి వెళ్లి తన వరసలో కూర్చున్నారు. ఆంటీకి ఆవిడ ఎందుకొచ్చిందో తెలియదు. ఏదో దోషం వెతకడానికొచ్చిందని నా చెవిలో అంది. అవునన్నట్టు తలూపాను.

ఈస్టర్ వెళ్లిన వారానికి కలియోపి ఆంటీ నిద్రలోనే పోయింది. అంత్యక్రియలు అయ్యాక కార్ల దగ్గర దెస్పినా గారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఇచ్చావా?"

"ఇచ్చానండీ."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. తీసుకుని లోపల పెట్టుకుంది."

ఆవిడ నా మోచెయ్యి వదిలేసి, "సరే, ఆ హక్కు తనకి ఉంది" అన్నారు. అంత మర్యాదగా ఒప్పుకుంటారని నేననుకోలేదు. నా మీద అరిచినా నిజం చెప్పేసేదాన్నేమో. ఏమో, అదీ నమ్మకండి.

పుస్తకం అచ్చయింది, ఆ వేలుతో సహా. ఊళ్లో మూసేసిన బడిని మ్యూజియం చేశారట, అందులోనూ ఒక కాపీ ఉంది. మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు సొరుగులో ఆ మూట దొరికితే, కుకీలు చేసుకునేది అనుకుని మైదా ముద్ద మీద అద్దింది. సిలువా అక్షరాలూ ఎంత చక్కగా పడ్డాయో. పిల్ల చేతిలోంచి లాక్కుని ఒక్కటి వేశాను. ఎందుకు కొట్టావు మమ్మీ అని అది ఇప్పటికీ అడుగుతుంది.

పోయిన శీతాకాలం దెస్పినా గారు చనిపోయారు. మొన్న వాళ్లమ్మాయి నా నంబరు సంపాదించి ఫోన్ చేసింది. వాళ్లమ్మ ఆ పుస్తకంలో ఒక పేజీ మడిచి పెట్టుకుందట, చివరి రోజుల్లో అదే చదివించుకునేదట. మా తాత వేలు చూపించాడని కలియోపి ఆంటీ నిజంగా చూసి చెప్పిందా అని అడిగింది. గొంతులో కోపం లేదు. ఆవిడ చెప్పిందే రాశానమ్మా అన్నాను. థాంక్యూ అని పెట్టేసింది. ఆ థాంక్యూ నన్ను నిలవనివ్వడం లేదు. నన్ను పరీక్షిస్తోందా? అంతా తెలిసే అడిగిందా? చూశారా, ఇప్పటికీ నా బుద్ధి అటే పోతుంది.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడగాల్సిన ఇద్దరూ లేరు. ఆ అమ్మాయికి ఫోన్ చేస్తానా? చేస్తానని రాస్తే మీరు నమ్మినా నేను నమ్మను.

ఇవాళ పొద్దున్న ఆ రుమాలు తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, విప్పాను. మా ఆయన కాఫీ తాగుతూ, ఏంటది అని అడిగారు. చెయ్యి దాని మీద కప్పెయ్యాలనిపించింది. కప్పలేదు. కలియోపి ఆంటీది, దెస్పినా గారు ఇమ్మన్నారు, నేను ఇవ్వలేదు అన్నాను.