ఏడో నంబరు గదిలో రెండు సంసారాలు

"రెండు కౌంటర్లవాళ్లూ ఒకేసారి నొక్కితే కంప్యూటర్ ఏం చేస్తాదవ్వా" అన్నావు కదా మనవడా, తప్పు దానిది కాదు, నీదే. నువ్వు రాసిన బుకింగ్ ప్రోగ్రామ్ ఈ రోజు మంత్రాలయం సత్రంలో నాకూ, చంటిబిడ్డతో వచ్చిన ఆలూరు తల్లికీ కింది అంతస్తులో ఒకే గది ఇచ్చింది.

"ఖాళీ ఉండాదని చూసే రాసినాం పెద్దమ్మా" అన్నారు రెండు కౌంటర్లవాళ్లూ.

"ఒగరు రాసేలోపల ఇంగొగరు చూసినారు, అంతేగదప్పా!" అన్నాను.

కంప్యూటర్ రాకముందు పాత గుమాస్తా గోడమేకుకు తగిలించిన తాళంచెవి తీసి వచ్చినవాళ్ల చేతిలో పెట్టేవాడు. రెండో గుమాస్తా చూసేసరికి ఉత్త మేకే ఉండేది.

గది ఆ తల్లికిచ్చి, ఈ మోకాళ్లతో రెండంతస్తులెక్కాను. ఇది చదివేవాళ్లు చెప్పండి, ఇంజనీరు తెలివైనవాడా, మేకా?

మనవడా, ఒకే రోజు ఒక గదికి రెండో పేరు రాయబోతే డేటాబేసే ఒప్పుకోకుండా మార్చు. అందాకా రేపు పొద్దున్నే ఒక మేకు, సుత్తి పట్టుకొని సత్రానికి రా.