సత్యత్త డాస్ ఫ్లాపీ

మా చిన్నప్పుడు... కంప్యూటర్ ముందు కూర్చోవాలంటే ముందు కాళ్ళు కడుక్కోవాలి. మా సత్యత్త పెట్టిన రూలు అది.

సత్యత్త మా నాన్నగారి చెల్లెలు. యానాంలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. ఎనభైల చివర్లో టైపు మిషన్ల పక్కన ఒక కంప్యూటర్ కూడా పెట్టింది. కాకినాడ నుంచి కారు వెనక సీట్లో, దుప్పట్ల మధ్య కూర్చోబెట్టి తెచ్చుకుంది దాన్ని.

నల్లటి తెర, పచ్చటి అక్షరాలు... మౌస్ లేదు, బొమ్మల్లేవు, హార్డ్ డిస్క్ అసలే లేదు. మెమరీ రెండొందల యాభై ఆరు కె. ఇప్పటి ఫోనుతో తీసిన ఒక్క ఫొటో కూడా పట్టదు అందులో!

ఫ్లాపీలు, అంటే సమాచారం దాచుకునే పల్చటి చదరపు డిస్కులు, పెట్టడానికి రెండు అరలుండేవి... ఎ, బి అని. పొద్దున్నే ఎ అరలో, కంప్యూటర్‌ని నడిపించే డాస్ ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ పెట్టి స్విచ్ వేస్తే, అది గరగరమని చదువుకుని లేచేది. ఆ ఫ్లాపీ లేకపోతే అంత పెద్ద కంప్యూటరూ ఉత్త డబ్బానే.

మా దగ్గర అది ఒక్కటే ఉండేది. దాన్ని నేను చెరిపేశాను...

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. సోమవారం నుంచి మొదటి కంప్యూటర్ బ్యాచ్. ఆరుగురు చేరారు. పక్కనున్న దరియాలతిప్ప నుంచి వచ్చే మేరీ అక్క అయితే వాళ్ళ నాన్నని నెల రోజులు బతిమాలి మరీ చేరింది.

శనివారం మధ్యాహ్నం అత్త ఆరు కొత్త ఫ్లాపీలు నా చేతిలో పెట్టి, ఫార్మాట్ చేసి ఉంచమని భోజనానికి వెళ్ళింది. కొత్త ఫ్లాపీని వాడుకోవాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి. వాడుతున్న దానికి చేస్తే మాత్రం ఉన్నదంతా పోతుంది. అందుకే కొత్తది బి అరలో పెట్టి, 'ఫార్మాట్' అని కొట్టి, పక్కన 'బి' అని తప్పకుండా కొట్టాలి. లేకపోతే ఎ అరలో ఉన్న డాస్ ఫ్లాపీనే చెరిపేస్తుంది.

అయిదు సవ్యంగానే అయ్యాయి. ఆరోసారి తొందరలో 'బి' కొట్టడం మర్చిపోయాను. ఫ్లాపీ పెట్టి ఎంటర్ నొక్కమని తెర మీద వచ్చింది. నొక్కేశాను...

వెలిగింది ఎ అరలో దీపం!

డాస్ ఫ్లాపీ చెరిగిపోకుండా అంచున చిన్న కాగితం అంటించి ఉండాలి. ముందురోజు నా పేరు అందులో దాచుకోవాలని ఆ కాగితం పీకింది కూడా నేనే. స్విచ్ ఆపి మళ్ళీ వేశాను. ఇది సిస్టం డిస్క్ కాదని తెర మీద వచ్చింది.

కరెంటు పోయి పాడైందని చెబుదామనుకున్నాను. ఇంతలో అత్త రానే వచ్చింది.

"ఏవే కోడలా, అయినియ్యా ఆరూ?"

"అయిదేనత్తా... ఆరోది మన డాస్ ఫ్లాపీ అయిపోయింది."

అత్త ఫ్లాపీ బయటికి తీసి, కాగితం పీకిన అంచు చూసింది. తిట్టినా బాగుండుననిపించింది నాకు.

"చెప్పులేసుకో. కాకినాడ వెళ్దాం."

"నేనెందుకత్తా?"

"ఏవైందని అడుగుతారక్కడ. నాకేం తెల్సు? నువ్వే చెప్పాలి."

బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. కంప్యూటర్ కొన్న షాపులో జరిగిందంతా నేనే చెప్పాను. షాపాయన నవ్వి, "ఆయ్, ఇప్పుడు కొత్త డాస్ వచ్చిందండి. కమాండ్లు బట్టీ పట్టక్కర్లేదు, మెనూలో ఎంచుకోడవే. పాతదెందుకండీ?" అన్నాడు.

అత్త కళ్ళు మెరిశాయి. "మా మిషన్‌లో నడుత్తదా అది?"

"మెమరీ ఎంతండి?" అత్త చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "చాలదండి. దీనికి అయిదొందల పన్నెండుంటే బాగుంటది, హార్డ్ డిస్క్ కూడా ఉంటే మంచిది. మీ దాంట్లో ఇది కూర్చుంటే మీ టైపింగ్ ప్రోగ్రాంకి చోటుండదు."

"అయితే మా దానికి సరిపోయేదే ఇయ్యండి," అంది అత్త.

బీరువా అంతా వెతికి పాత డాస్ ఫ్లాపీ తీశాడు. కాపీ చెయ్యబోతుంటే అత్త ఆపింది. "మా కోడలు చేత్తదండి."

ఏది ఏ అరలో పెట్టాలో పైకి చదువుకుంటూ, ఒక్కో అక్షరం చూసుకుని కొట్టాను. ఒకటి కాదు, రెండు కాపీలు చేయించింది అత్త. రెండింటికీ కాగితాలు నాచేతే అంటింపించింది.

సోమవారం పొద్దున డాస్ లేచింది. కానీ మేరీ అక్క కీబోర్డు మీద చెయ్యి వెయ్యనంటే వెయ్యనంది. "తప్పు కొడితే ఏవవుద్దో!"

అత్త నా వైపు చూసి, "నువ్వు చెప్పవే," అంది.

లేచి నిలబడి, శనివారం నేనేం చేశానో మొత్తం చెప్పాను. కాకినాడ బస్సులో ఏడ్చిన సంగతి కూడా... అందరూ పగలబడి నవ్వారు. మేరీ అక్క నవ్వుతూనే వేలు ముందుకు చాచి మొదటి అక్షరం కొట్టింది.

ఆ బ్యాచ్ ఆరుగురూ కోర్సు పూర్తిచేశారు.

ఇప్పుడు ఫోన్లు మనం చూడనప్పుడు వాటంతటవే మారిపోతున్నాయి. ఏం పోయిందో, ఏం వచ్చిందో మనకి తెలియను కూడా తెలియదు... పాడైతే పక్కన పడేసి కొత్తది కొంటున్నాం. పాడుచేసిన పిల్ల చేతికే మళ్ళీ అప్పగించే తీరిక ఎవరికుంది?

చిన్నప్పుడు మీరు పాడుచేసిన ఖరీదైన వస్తువేమిటి? ఆ రోజు మీ పక్కన నిలబడ్డదెవరు? రాయండి... చదవాలనుంది.