మల్లిగ ఏ ఇంటి మనిషి: విల్లియనూరు ప్రయాణం

1981 జనాభా లెక్కలకు పుదుచ్చేరి బజారు వీధులు కొన్ని నాకు అప్పగించారు. నేను కొత్త టీచరును. మా ఇంట్లో బడి చదువు చదివిన మొదటిదాన్ని కనుక తప్పు రాయకూడదని నాకు పట్టుదల. ఇత్తడి సామాన్ల కొట్టు రాజమ్మ తన పెద్దకొడుకు పేరు కూడా రాయించింది. ఎక్కడున్నాడని అడిగాను.

"విల్లియనూరులో. ఇప్పుడు చీర కట్టుకుంటాది, పేరు మల్లిగ. యాడున్నా నా బిడ్డే గదా టీచరమ్మా! పేరు కొట్టేస్తే బిడ్డ పోయినట్టే" అని కళ్ళొత్తుకుంది.

మనిషి ఎక్కడ నివసిస్తే అక్కడే రాయాలి, రెండు చోట్ల రాయకూడదు. కానీ రాజమ్మ కన్నీళ్ళు చూశాక ఆ పేరు కొట్టెయ్యలేక, ఆదివారం పొద్దున్నే మార్కెట్ దగ్గర బస్సెక్కాను. టికెట్టు రూపాయిలోపే, ప్రయాణం అరగంటకు కాస్త ఎక్కువ. మల్లిగ ఇల్లు ఎక్కడని అడిగితే కండక్టర్ నవ్వి ఒక మాటన్నాడు. అది ఇక్కడ రాయను. పక్క సీటులోని పూలమ్మే అవ్వ ఊరుకోలేదు.

"ఏందిరా ఆ మాట? మీ చెల్లెలి పెళ్ళికి వంట చేసింది ఆ యమ్మే గదా! సాంబారు రెండుసార్లు పోయించుకుంటివే!"

బస్సంతా నవ్వింది. అవ్వే దిగి నాకు దారి చూపించింది.

మల్లిగ వాకిట్లో పప్పు రుబ్బుతోంది. మల్లిగలాంటి వాళ్ళే కలిసి ఉండే ఆ ఇంటికి పెద్ద సరోజమ్మ. ఆమెను అందరూ అమ్మా అంటారు. నేను వచ్చిన పని చెప్పాను.

"ఈడ నన్ను అమ్మకు కూతురని రాస్తారా?" అంది మల్లిగ.

"ఈ వీధి లెక్క నాది కాదక్కా. మాకిచ్చిన సూచనల ప్రకారమైతే మగ అనే రాస్తారు."

సరోజమ్మ నవ్వింది. "మీ కాగితంలో ఆడ, మగ అని రెండే గదులు కట్టినారు. మేము యాడ పండుకునేది?"

మల్లిగ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని, "సెరి. ఏమని రాసినా, తినేది ఈడ, ఉండేది ఈడ. ఈడే రాయించుకుంటా. కొట్లో ఉండే మా అమ్మతో మటుకు నేను పోయినట్టు చెప్పొద్దు" అంటూ మన అరిసెల్లాంటి అదిరసాల పొట్లం నా చేతిలో పెట్టింది.

మధ్యాహ్నానికి కొట్టుకు తిరిగొచ్చి, మల్లిగ అక్కడే రాయించుకుంటానందని చెప్పి పొట్లం ఇచ్చాను. రాజమ్మ ఒక అదిరసం కొరికి, "పాకం నేను నేర్పిందే" అంది. పొట్లం మళ్ళీ కట్టి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది.

"మా చిన్నదాన్ని కడలూరుకిచ్చినాము. దాన్ని ఈడ రాయలేదే నువ్వు?"

"అత్తగారింట్లో రాస్తారమ్మా."

"ఇదీ అంతే గదా. కూతురు ఇంకో ఇంట్లో ఉండాది. కొట్టెయ్."

కొట్టేశాను. విల్లియనూరులో మల్లిగ మగమనిషిగానే లెక్కలోకి ఎక్కి ఉంటుంది. ఆ అంకెలు చూసేవాళ్ళకు అలాంటి మనిషి ఉన్నట్టే తెలియదు. రాజమ్మ ఆ రోజు కూతురని చెప్పిన జవాబును ఎక్కడ రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మీరు విల్లియనూరు వెళ్ళేటట్టయితే ఎండ ముదరక ముందే బస్సెక్కండి. అదిరసాలు కావాలంటే "మల్లిగక్క ఇల్లు యాడ?" అని అడగండి. అలా అడిగితే దగ్గరుండి చూపిస్తారు.