రెండు ట్యూబులు కలిపేసి పళ్ళ కాలేజీకి పోయిన రోజు

నేను చదివింది అయిదో తరగతి. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. ఒత్తులు పోయినచోట మీరే సర్దుకొని చదవండి. చిగుళ్ళ వైద్యానికి పోయేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది మద్రాసులోని తిరువొత్తియూరు. బళ్ళో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండి వడ్డిస్తాను. పది రోజుల కింద పళ్ళ కాలేజీలో నా పై చిగుళ్ళు రెండు పక్కలా కోసి, శుభ్రం చేసి కుట్టారు. పుండు మీద రాయడానికి రెండు ట్యూబులిచ్చారు. ఎర్ర మూతది కుడి పక్కకు, నీలం మూతది ఎడమ పక్కకు. ఒకదాంట్లో జామాకు రసం ఉంది, ఇంకోదాంట్లో లేదు. ఏది ఏదో డాక్టరమ్మకు కూడా తెలియదట. ఆకు రసంతో పుండు త్వరగా మానుతుందా అని చూసే పరీక్ష అది. చేరినవాళ్ళకు వైద్యం ఉచితం.

కుట్లు విప్పించుకోవడానికి ఇవాళ ఉదయం 7.20 లోకల్ రైలు ఎక్కాను. టికెట్ అయిదు రూపాయలు. తోడుగా మా ఆయన అక్క కామాక్షి వదిన వచ్చింది. రైలు కదిలాక ఆమెకు అసలు సంగతి చెప్పాను. రెండు ట్యూబులూ రోజూ గిన్నెలోకి పిండి, కలిపి, రెండు పక్కలా అదే రాశాను.

"ఎందుకే అట్లా చేసినావు?"

"ఒక పక్కకు మందు, ఒక పక్కకు ఉత్త జిగురా వదినా? పంక్తిలో ఒక బిడ్డకు గుడ్డు పెట్టి, పక్క బిడ్డకు పెట్టకుండా పోతానా?"

"ఆడ మాత్రం నోరు మూసుకొని ఉండు."

"నోరు తెరవమనే కదా పిలిచింది!"

ఎదురు సీట్లో చేపల బుట్టామె నవ్వింది. "చెప్పేయమ్మా. కుళ్ళిన చేపను బుట్ట అడుగున పెడితే వాసన రాదా?"

నా భయం వేరే. కింది చిగుళ్ళ కోత ఇంకా మిగిలే ఉంది. ముందు పళ్ళు రెండు ఊగుతున్నాయి. పరీక్షలోంచి తీసేస్తే అవి పోయినట్టే అనుకున్నాను.

సెంట్రల్లో దిగి, ఆడవాళ్ళకు టికెట్ లేని గులాబీ బస్సు ఎక్కాము. తొమ్మిదికి కాలేజీ. నా టోకెన్ నంబరు పదకొండు. వదిన ఇడ్లీ తిన్నది. నేను కాఫీ చల్లార్చుకొని తాగాను.

పదిన్నరకు పిలిచారు. డాక్టరమ్మ గుంటూరు పిల్ల, ఇంకా చదువుకుంటోంది. లైటు వేసి చూసింది.

"రెండు వైపులా భలే మానాయండీ మునెమ్మగారూ! తేడానే లేదు."

కాగితం మీద రాయబోయింది. నా వల్ల కాలేదు. "రాయొద్దమ్మా" అని అంతా చెప్పేశాను.

ఆమె పెన్ను కింద పెట్టింది. "గిన్నెలో కలిపారా?"

"చట్నీ గిన్నె. కడిగిందే."

మాస్కు వెనక పకపకా నవ్వింది. తర్వాత మొహం చిన్నదయింది. "మిమ్మల్ని పరీక్షలోంచి తీసెయ్యాలండీ. ఇంకొకరిని వెతుక్కోవాలి."

"మరి నా కింది పళ్ళు?"

"దానికీ దీనికీ సంబంధం లేదండీ. వచ్చే నెల ఉచితంగానే చేస్తాం. సంతకం పెట్టిన రోజే చెప్పాను కదా!"

ఆ రోజు భయంలో ఏమీ వినలేదు నేను. కుట్లు విప్పుతుంటే చీమ కుట్టినట్టు కూడా లేదు.

తిరుగు రైలు 1.15కి. వదిన నా పక్కకు జరిగింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఏమే, పళ్ళు తోమితే నాకూ నెత్తురొస్తాది. ఆ పిల్ల నన్ను చేర్చుకుంటాదా?"

"చూసి చెబుతుంది. చేర్చుకుంటే మాత్రం ట్యూబులు వేరువేరుగా పెట్టుకోవాలి."

"నీ మాదిరి వంటామెనా నేను, అన్నీ కలపడానికి?"

మీరు పోతే ఏ పక్కకు ఇచ్చింది ఆ పక్కకే రాయండి. తప్పు జరిగితే వెంటనే చెప్పేయండి, వాళ్ళు తరిమెయ్యరు. ఆకు రసం సంగతి నా నోరు చెప్పలేకపోయింది, వదిన నోరన్నా చెబుతుందేమో. తిరువొత్తియూరు వచ్చేలోపల ఆమె ఇచ్చిన అరటిపండు కుడి పక్క సగం, ఎడమ పక్క సగం నమిలి తిన్నాను. ఎక్కడా నొప్పి లేదు.

ఇంతే నాకు రాయడం వచ్చింది. ఇందులో తప్పులుంటే నన్ను మన్నించండి.